గేరులో ఉన్న బండి



ఈ వారం రాద్దామనుకున్న సంగతి వేరే. కూర్చుని మొదలుపెట్టాం కూడా. నాలుగు వాక్యాలు నడిచాక చెయ్యి ముందుకు పోలేదు. లోపల ఒకటి పెట్టుకుని బయటికి ఇంకొకటి రాయడం ఎన్నాళ్ళు? అందుకే ముందు ఇది.

మన సంఘంవాళ్ళకు మా కారు సంగతి తెలుసు. దూరాన ఉండి చదివేవాళ్ళ కోసం మొదటినుంచి చెబుతాం. పదేళ్ళు ఎవరో నడిపి అమ్మిన చిన్న పెట్రోలు కారు అది. చేతితో గేర్లు మార్చేదే. పేరుకు మాది గానీ, దానిలో మేము ఒక్కరమే తిరిగిన రోజులు తక్కువ. గిద్దలూరులో చూపించుకుంటే సరిపోని జబ్బులన్నీ నంద్యాలకో ఒంగోలుకో పోతాయి. నంద్యాల దగ్గర, కానీ మధ్యలో నల్లమల. దిగువమెట్ట దాటితే అడవి, పచ్చర్ల దాటి గాజులపల్లె వచ్చేదాకా అడవే. రాత్రి పది గంటలకు కానుపు నొప్పులొస్తే ఆ దారిలో బస్సు కోసం ఎవరు ఎదురుచూస్తారు? మన కారే వెళుతుంది.

నెలకొకసారి తప్పనిసరిగా వెళ్ళేది ఒక అవ్వ. పేరు రాయడం లేదు. గుండె జబ్బు. మన వైపు ఎండలు మీకు కొత్తగా చెప్పక్కరలేదు. ఏప్రిల్ దాటితే పగలు పది గంటలకే కారు తలుపు తీస్తే పొయ్యి మీది పెనం మూత తీసినట్టు ఉంటుంది. ఒకసారి ఎండలో నిలిపిన బండిలో అవ్వను కూర్చోబెట్టి ఏసీ వేశాం. అది చల్లబడేలోగా ఆమెకు కళ్ళు తిరిగాయి. కొమరోలు, రాచర్ల వైపు కూటాలకు వెళ్ళినప్పుడు కూడా ఇదే బాధ.

ఈ సంగతి మాటల్లో విని, మన సంఘంలో పెరిగి ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఒక తమ్ముడు ఒక పెట్టె పంపించాడు. అందులో రెండు రిమోట్లు, ఒక సైరను, జడకట్టలాంటి వైర్ల కట్ట, అగ్గిపెట్టెకంటే కొంచెం పెద్దదైన డబ్బా. బండికి దొంగల అలారము, పైగా ఇంట్లో నిలబడి బటన్ నొక్కితే ఇంజను దానంతటదే స్టార్ట్ అయ్యే ఏర్పాటు. ఏసీ వేసి ఉంచితే అయిదు నిమిషాల ముందే బండి చల్లబడి ఉంటుంది. "అవ్వ కోసం అయ్యగారూ" అన్నాడు ఫోన్లో. ఆ మాటకు మా కళ్ళు చెమర్చాయి. అంతకుముందే మా బండిలో పాటల పెట్టె రెండుసార్లు పోయి ఉంది కాబట్టి అలారం కూడా అవసరమే అనుకున్నాం.

పని మీద వేరే ఊరు వెళ్ళినప్పుడు అక్కడ ఒక షాపులో బిగించారు. ఉదయం ఇస్తే సాయంత్రానికి చేతికొచ్చింది. రెండు తాళాలూ అడిగారు, ఇచ్చాం. తిరిగి ఒక్కటే ఇచ్చారు. రెండోది మేమే ఎక్కడో పెట్టి మరిచిపోయామనుకుని ఇల్లంతా వెతికాం. దాని కథ తరవాత వస్తుంది.

మొదటి వారం సంబరం చెప్పతరం కాదు. ఆదివారం బడి పిల్లలు చుట్టూ నిలబడి "ఇంకొకసారి అయ్యగారూ" అనడం, మేము నొక్కడం, బండి ఇండికేటర్లు రెండుసార్లు మిటుకుమని ఇంజను గుర్రుమనడం. వాళ్ళకంటే మాకే సరదా ఎక్కువేమో. రాసుకుంటుంటే సిగ్గుగా ఉంది.

అలారానికి మాత్రం బుద్ధి తక్కువ. దానిలో షాక్ సెన్సార్ అని ఒకటుంటుంది, బండి అదిరితే కూత పెడుతుంది. దానికి దొంగ చెయ్యి, మేక కొమ్ము ఒకటే. ఘాటు రోడ్డులో ఒక చోట మంచినీళ్ళకని ఆగితే కోతులు బానెట్ మీద కూర్చున్నాయి. సైరన్ కూసింది, కోతులు కదలలేదు, మేమే పారిపోయాం. ఒక మరణం ఇంట ప్రార్థన చేస్తుండగా వీధిలో మోగింది. ఆ ఇంటి పెద్దకొడుకు తల ఎత్తి చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆ తరవాత సెన్సార్‌ను స్క్రూతో తగ్గించి పెట్టుకోవచ్చని తెలిసింది. తగ్గించాం. ఇప్పుడు కాస్త మర్యాదగా ఉంటోంది.

ఇక ఆ రోజు.

మా ఇంటి వాకిలి వీధికంటే ఎత్తు. బండి వీధిలోంచి ఎక్కి, ముక్కు వేపచెట్టు వైపు పెట్టి నిలబడుతుంది. మాకు డ్రైవింగ్ నేర్పినాయన జీవితమంతా నంద్యాల ఘాటులో లారీ తోలినవాడు. ఆయన మొదటి రోజే చెప్పిన పాఠం: "వాలులో ఆపితే హ్యాండ్ బ్రేకును నమ్మొద్దు. ఎత్తుకు మొహం పెడితే ఒకటో గేరులో, పల్లానికి పెడితే రివర్సులో వెయ్యి. చక్రానికి రాయి పెట్టు." ఇన్నేళ్ళలో ఆ పాఠం తప్పలేదు. చెయ్యి దానంతటదే గేరు వేస్తుంది. వెనక చక్రానికి రాయి పెట్టడం మా ఇంట్లో తలుపు గడియ పెట్టడంలాంటిది.

అవ్వను నంద్యాల తీసుకువెళ్ళే రోజు. ముందే వచ్చి వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చుంది. కారు ముక్కుకు మంచానికి మధ్య బారెడు దూరం. మేము వసారాలో చెప్పులు వేసుకుంటూ, బండి చల్లబడుతుంది కదా అని జేబులోంచి రిమోట్ తీసి నొక్కాం. అదే క్షణంలో అవ్వ మాత్ర వేసుకోవడానికి నీళ్ళ కుండ దగ్గరికి లేచింది.

బండి దూకింది. ఒక్క ఉలుకు, రెండు మూడు అడుగులు, ఆగిపోయింది. హమ్మయ్య ఆగిందనుకునేలోగా మళ్ళీ దూకింది. ఈసారి మంచం కోడు విరిగింది. మంచం వెళ్ళి చెట్టుకు ఆనుకుంది. మేము పరుగెత్తి తలుపు లాగి బ్రేకు మీద కాలు వేసేటప్పటికి లోపల సెల్ఫ్ మోటారు మళ్ళీ తిరగబోతూ ఆగింది. వెనక చక్రం రాయి ఎక్కడ పెట్టామో అక్కడే ఉంది. వెనక్కి జారకుండా పెట్టిన రాయి ముందుకు దూకే బండిని ఏం ఆపుతుంది?

అవ్వ కుండ దగ్గర చెంబు పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకు ఏమీ కాలేదు. ఆ రోజు ఆమెను నంద్యాల తీసుకువెళ్ళాం కూడా. దారిలో మాట్లాడుకోలేదు.

ఆదివారం సాక్ష్యాల సమయంలో అవ్వ లేచింది. "అయ్యగారి బండి దానంతటదే లేచి నా మీదికొచ్చింది. ఒక్క నిమిషం ముందు నన్ను లేపినవాడికి స్తోత్రం" అంది. సంఘమంతా చప్పట్లు కొట్టారు. కొందరు ఏడ్చారు. మేము కూడా స్తోత్రం అన్నాం. అబద్ధమేమీ చెప్పలేదు. కానీ "దానంతటదే" అన్న మాట దగ్గర మా నోరు మూసుకుని ఉంది. రిమోట్ జేబులోనే ఉంది. కూటం అయ్యాక ఒక పెద్దాయన "ఆ షాపువాణ్ణి వదలకూడదండీ అయ్యగారూ" అంటే "అవునవును" అని తల కూడా ఊపాం. ఆమె ప్రాణం నిలిచినందుకు చెప్పిన స్తోత్రంలో మా దాపరికం చేరిపోయింది. రెండు వారాలు నిద్ర పట్టకుండా చేసింది ఇదే.

సోమవారం బండిని గిద్దలూరులో పాత ఆటో ఎలక్ట్రీషియన్ భాయ్ దగ్గరికి తీసుకువెళ్ళాం. ఆయన స్టీరింగు కింద ప్లాస్టిక్ మూత విప్పి, టార్చి నోట్లో పెట్టుకుని, అరగంట మాట్లాడలేదు. తరవాత బయటికొచ్చి టీ తెప్పించి చెప్పిన మాటలు రాస్తాం. గేరు బండికి ఇలాంటిది బిగించాలనుకునేవాళ్ళు మీలో ఉండవచ్చు.

సెల్ఫ్ మోటారుకు ఇంజను తిప్పడమే తెలుసు. గేరు పడి ఉంటే ఇంజనూ చక్రాలూ ఒకదానికొకటి కట్టేసి ఉంటాయి కాబట్టి సెల్ఫ్ కొడితే బండే కదులుతుంది. అందుకే చాలా కార్లలో క్లచ్ తొక్కితే తప్ప స్టార్ట్ కాకుండా పెడల్ దగ్గర ఒక స్విచ్ పెడతారు. రిమోట్‌తో స్టార్ట్ చేయాలంటే క్లచ్ తొక్కే కాలు ఉండదు. కాబట్టి బిగించేవాళ్ళు ఆ స్విచ్ వైర్లు రెండూ కలిపేస్తారు. "అంటే బండికి, ఎవరో క్లచ్ తొక్కి ఉన్నారని అబద్ధం చెప్పడం పాస్టర్ సార్. ఆ అబద్ధం లేకుండా ఈ పని జరగదు. అందుకని కంపెనీవాడు దానికి బదులు ఇంకో కాపలా ఇస్తాడు. మీ బండిలో అబద్ధం ఉంది, కాపలా లేదు."

ఆ కాపలా ఏమిటంటే, ఈ డబ్బాల్లో ఆటోమేటిక్ బండికి ఒక పద్ధతి, గేరు బండికి ఒక పద్ధతి ఉంటాయి. గేరు బండి పద్ధతిలో పెడితే, బండి ఆపేటప్పుడు ఇంజను నడుస్తుండగానే న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేకు లాగి, రిమోట్ నొక్కి, తాళం తీసెయ్యాలి. తాళం తీసినా ఇంజను నడుస్తూనే ఉంటుంది. దిగి తలుపులన్నీ మూసి లాక్ చేస్తే అప్పుడు ఆగుతుంది. మేము మొదట, ఎందుకింత తంతు అనుకున్నాం. భాయ్ వివరించాక ఆ ఆలోచన చేసినవాడి బుర్రకు దండం పెట్టాలనిపించింది. మనిషి దిగిపోయాడు, క్లచ్ మీద కాలు లేదు, ఇంజను నడుస్తోంది, బండి కదలడం లేదు. ఇది న్యూట్రల్‌లో తప్ప సాధ్యం కాదు. గేరు ఎక్కడుందో చూసే కన్ను లేకపోయినా డబ్బా ఆ విధంగా తెలుసుకుంటుంది. తరవాత ఏ ఒక్క తలుపు తెరిచినా, లోపలికి వెళ్ళినవాళ్ళు గేరు కదిపి ఉండవచ్చని పాత నమ్మకం వదిలేస్తుంది. ఇక రిమోట్ నొక్కినా స్టార్ట్ కాదు.

మా దానిలో ఆటోమేటిక్ పద్ధతి పెట్టి ఉంది. ఎందుకలా పెట్టారో ఊహించడం కష్టం కాదు. రోజూ ఆ తంతు చేయలేక "పని చేయడం లేదు" అని జనం తిరిగి తెస్తారు. ఇంకొక మాట కూడా అప్పుడే తెలిసింది. స్టార్ట్ కాకుండా ఆగిపోతే ఈ డబ్బా ఊరుకోదు, మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. చలి దేశాల్లో అది ఉపకారమే. మా వాకిట్లో రెండో దూకుడు అక్కడినుంచి వచ్చింది.

ఈ రిమోట్ స్టార్టులు పెరిగింది అమెరికా, కెనడాల్లో, మంచు కురిసే ఊళ్ళలో, ఎక్కువగా ఆటోమేటిక్ కార్లలో. ఆ కార్లకు పార్క్ అనే గడి ఉంటుంది. అందులో ఉంటే చక్రాలు లాక్, ఇంజను వేరు. మనవాళ్ళకు ఎండ, వాళ్ళకు మంచు. అవసరం ఒకటే గానీ బండి వేరు. ఇప్పుడు కొన్ని కొత్త బండ్లకు కంపెనీవాళ్ళే రిమోట్ స్టార్టు ఇస్తున్నారు. పాత గేరు బండికి బయట బిగించేదే చిక్కు.

భాయ్ నవ్వుతూ పాత రోజులు ఎత్తాడు. అంబాసిడరుకు ముందు హ్యాండిల్ పెట్టి తిప్పే కాలంలో ఆయన కుర్రవాడు. ఉస్తాద్ మొదట గేరు కర్ర అటూ ఇటూ ఊపి చూపించి, అప్పుడే హ్యాండిల్ అందుకోనిచ్చేవాడట. తిప్పేవాడు బండి ముందే నిలబడతాడు మరి. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు చేసిన కరెంటు సెల్ఫ్ 1912 క్యాడిలాక్ కార్లలో వచ్చాక మనిషి హ్యాండిల్ వదిలి సీట్లోకి వెళ్ళాడు. ఇప్పుడు రిమోట్ వచ్చి సీట్లోంచి వసారాలోకి వెళ్ళాడు. గేరు కర్ర ఊపి చూడడం మాత్రం ఎవరో ఒకరు చేయాలి కదా. ట్రాక్టర్ల సంగతి మనకు ఇంకా బాగా తెలుసు. తాళం పని చేయకపోతే కింద నిలబడి సెల్ఫ్ దగ్గర స్క్రూడ్రైవరు ఆనించి స్టార్ట్ చేస్తారు. గేరులో ఉంటే ఆ మనిషి వెనక చక్రం ముందే ఉంటాడు. ఏ ఊళ్ళో అడిగినా దీని మీద ఒక విషాదం వినిపిస్తుంది. దయచేసి మీ ఇళ్ళలో ట్రాక్టరు ఉంటే ఆ పని మాన్పించండి.

రెండో తాళం అప్పుడు బయటపడింది. మా తాళంలో చిప్ ఉంటుందట, అది దగ్గర లేకపోతే ఇంజను నడవదు. రిమోట్‌తో నడవాలంటే చిప్ లోపల ఉండాలి. కాబట్టి మా రెండో తాళాన్ని టేపు చుట్టి స్టీరింగు కిందే దాచి పెట్టారు. దొంగకు భయపడి అలారం పెట్టించుకుని, తాళం బండిలోనే వదిలి ఊళ్ళు తిరిగాం. ఈ ముక్క విని మా ఇంటావిడ చాలాసేపు నవ్వింది. బీరువా మూడుసార్లు సర్దింది ఆమే.

చట్టం మాట కూడా ఒకటి. 1988 మోటారు వాహనాల చట్టంలో 126వ సెక్షను ప్రకారం, లైసెన్సున్న మనిషి డ్రైవరు సీట్లో లేకుండా బహిరంగ స్థలంలో బండి నిలపాలంటే ఇంజను ఆపి ఉండాలి, బ్రేకు వేసి గానీ మరో విధంగా గానీ అది పొరపాటున కదలకుండా చేసి ఉండాలి. అంటే ఆసుపత్రి ముందు రోడ్డు మీద ఖాళీ బండిని రిమోట్‌తో నడిపించి చల్లబరుస్తామంటే కుదరదు. మూసిన షెడ్డులో అయితే మరీ ప్రమాదం. జేబులో బటన్ నొక్కుకుపోతే ఇంజను పొగ లోపలే నిండుతుంది, విషం.

"గేరు పద్ధతికి మార్చి ఇస్తా, వాడుకోండి" అన్నాడు భాయ్. ఆలోచించాం. ఆ పద్ధతిలో బండిని న్యూట్రల్‌లోనే వదలాలి. మా వాకిలి వాలు. లారీ పెద్దాయన పాఠం వదిలి ఒక్క హ్యాండ్ బ్రేకు తీగ మీద బండిని ఆపాలి. ఆయన పాఠం తప్పు కాదు, డబ్బా పద్ధతీ తప్పు కాదు, రెండూ ఒక బండిలో ఇమడవు. సమమైన నేల మీద, ఒక్కరే నడిపే ఇంట్లో అయితే మా నిర్ణయం వేరుగా ఉండేదేమో. మా బండిని అవసరానికి మరో ఇద్దరు నడుపుతారు, వాళ్ళకూ గేరులో వదలడమే అలవాటు. స్టార్ట్ వైర్లు తీసేయించాం. క్లచ్ స్విచ్ మళ్ళీ కలిపాడు. అలారం, సెంటర్ లాక్ ఉంచాం. హ్యాండ్ బ్రేకు తీగ వదులైందని అదీ బిగించాడు.

వైర్లు తీసేయడం తేలికైంది. మిగిలిన పని ఉంది. ముందు అవ్వ ఇంటికి వెళ్ళాం. గడప దగ్గరే చెప్పాం, బండి దానంతటది దూకలేదు, బటన్ నొక్కింది ఈ చెయ్యే, గేరులో ఉందని చూసుకోలేదు, ఆ రోజు సంఘంలో మీరు చెబుతుంటే నోరు తెరవలేదు అని. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత "మంచం కోడు ఎవరు చేయిస్తారు?" అని అడిగింది. అది మా మంచమే అవ్వా అన్నాం. "మీదైతే ఏంది, కూర్చునేది నేను గదా" అంది. క్షమించినట్టా కాదా తెలియలేదు. అడగలేదు కూడా.

మొన్న ఆదివారం సంఘంలో కూడా చెప్పాం. షాపు గురించి తల ఊపిన సంగతీ చెప్పాం. చప్పట్లేమీ లేవు. వెనక వరుసలో ఒకాయన తన ట్రాక్టరు తాళం బాగు చేయించుకుంటానన్నాడు.

బెంగళూరు తమ్ముడికి ఫోను చేయడానికి మాత్రం మూడు రోజులు పట్టింది. ప్రేమతో పంపిన వస్తువు తీసేశామని ఎలా చెప్పాలి? విన్నాక అతనూ మౌనంగా ఉండి, "బండి గేరుదా ఆటోమేటిక్కా అని నేను అడగనే లేదు అయ్యగారూ" అన్నాడు. లేదు నాయనా, అది మేము చూసుకోవలసిందే అన్నాం. తరవాత అవ్వకు చల్లగా ఉండడానికి ఇంకేదైనా పంపిస్తానన్నాడు. వద్దన్నాం. ఇప్పుడు చేస్తున్నదేమంటే, బయలుదేరేముందు నాలుగు తలుపులూ తెరిచి పెట్టి, సీట్ల మీద తెల్లటి దుప్పటి తీసి, మేమే సీట్లో కూర్చుని, గేరు కర్ర ఊపి చూసి, ఇంజను వేసి, ఏసీ పెడతాం. అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల చెమట మాది.

నిన్న మళ్ళీ నంద్యాల వెళ్ళాం. మంచానికి కొత్త కోడు వేయించాం. అవ్వ వచ్చి చెట్టు కింద నిలబడింది గానీ కూర్చోలేదు. చెయ్యి చాపి "తాళం ఇటియ్యండి అయ్యా" అంది. ఇచ్చాం. కొంగున ముడి వేసుకుని అప్పుడు కూర్చుని, కుండలో నీళ్ళు తాగి, మాత్ర వేసుకుంది. బయలుదేరేటప్పుడు ముడి విప్పి ఇచ్చింది.